నాలుగో కాపరి

నౌబాద్, బీదర్
10 సెప్టెంబర్ 2024

మరదలు ప్రేమలకు ప్రభువు నామంలో వందనాలతో జయానందం రాయునది.

విషయం: క్రిస్మస్ పూట భయపెట్టే సినిమాలు.

నేను, మీ అక్క కరుణ క్షేమం. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కంగారు పడవద్దు. ఎవరూ పోలేదు.

మన చర్చి యూత్ సెక్రటరీ జోయెల్ అనే అబ్బాయి కమిటీకి ఒక అర్జీ పెట్టాడు. క్రిస్మస్ వారంలో చర్చి హాలులో యూత్ కోసం ఒక దయ్యాల సినిమా వేస్తారట. సినిమా కథ కూడా క్రిస్మస్ రోజుల్లో జరిగేదే అయి ఉండాలట. కమిటీలో సగం మంది లేచి వద్దన్నారు. పిల్లలు ఎలాగూ ఫోన్లలో ఒక్కొక్కరే చూస్తున్నారు, అందరం కలిసి చూస్తే తప్పేమిటని జోయెల్ వాదన. చివరికి పాస్టరు గారు, ఎవరైనా ఒక పాత సినిమా, ఒక కొత్త సినిమా చూసి, రెండింటినీ పోల్చి రిపోర్టు రాయాలని తేల్చారు. ముప్పై ఆరేళ్లు తహసీలు ఆఫీసులో నోట్లు రాసినవాణ్ణి కదా, అందరూ నా వైపు చూశారు. నేను కాదనలేకపోయాను.

నీకు తెలియనిదేముంది. కోడిని కోస్తుంటేనే చూడలేక నేను వీధిలోకి పోతాను. ఇలాంటి సినిమాల సంగతి నీకు తెలిసినంతగా బీదర్‌లో ఎవరికీ తెలియదు. ఏవి చూడాలి, ఎలా చూడాలి, పోల్చేటప్పుడు ఏం గమనించాలి, దయచేసి రాయగలవు. పాత సంగతులు మరచి ఈ సహాయం చేస్తావని ఆశ.

ఫోన్ చేయకపోవడానికి కారణం ఉంది. చెవి మందగించి స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాను, మీ అక్కతో పాటు ఎదురింటివాళ్లూ వింటారు. నేను నిన్ను సలహా అడిగినట్టు మీ అక్కకు తెలియకూడదు. జవాబును మా వీధి మొదట్లో ఉన్న భీమప్ప టీ హోటల్ చిరునామాకు పంపించు. ఆయనకు చెప్పి ఉంచాను.

ఇట్లు,
జయానందం


జహీరాబాద్
21 సెప్టెంబర్ 2024

శ్రీయుత జయానందం గారికి,

మీ ఉత్తరం అందింది. బీదర్ నుంచి ఇక్కడికి బస్సులో గంట. ఉత్తరానికి ఆరు రోజులు పట్టింది. ఇరవై ఎనిమిదేళ్లతో పోలిస్తే త్వరగానే వచ్చిందనుకోవాలి.

పాత సంగతులు మరచి అని రాశారు. ఎవరు మరవాలో రాయలేదు. మీరు మరిచారేమోనని గుర్తు చేస్తాను. 1996లో నాకు బీదర్‌లో వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. ఆ ఏడు క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరులు ముగ్గురు ఉండాలి. ఎవరి తల్లో పట్టుబట్టి తన కొడుకును కూడా కంబళి కప్పి స్టేజీ మీదికి తోసింది. కాపరి వేషంలో ముందు నిలబడ్డ క్రిస్టోఫర్, పన్నెండేళ్ల పిల్లవాడు, నాలుగో కాపరిని చూసి కేక పెట్టి కిందికి దూకాడు. తోక చుక్క తెగింది, పశువుల పాక కూలింది, యోసేపు గడ్డం ఊడింది. ఎందుకు దూకావంటే, ప్రేమలక్క క్యాసెట్‌లో నాలుగో కాపరి దయ్యమని చెప్పాడు. నాలుగు రోజులకు కమిటీ కార్యదర్శిగా మీరు పల్పిట్ మీద తీర్మానం చదివారు. నన్ను ఆరు నెలలు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం అందకుండా దూరం పెట్టారు, షాపు మూసేదాకా క్వయర్‌లోంచి తీసేశారు. నేను రెండో వరుసలో పాటల పుస్తకం పట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆ జనవరిలో ఇక్కడికి వచ్చి ఒక బడి హాస్టల్‌లో మేట్రన్‌గా చేరాను. నిరుడు రిటైరయ్యాను.

ఇక మీ ప్రశ్న. తెలిసిన సంగతి ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు నాది, అందుకే రాస్తున్నాను.

పాతది చూడాలంటే ఆ కాపరుల సినిమానే చూడండి. చలిదేశపు కథ. ఒక విధవరాలు ఏటా డిసెంబరులో ఇంట్లో మట్టిబొమ్మలతో పశువుల పాక పెడుతుంది. కాపరులు ముగ్గురు. ఒకరోజు పొద్దున నాలుగో కాపరి కనిపిస్తాడు, దూరంగా, అటు తిరిగి. మర్నాడు ఒక అడుగు దగ్గరికి వస్తాడు. అంతే కథ. కొత్తది చూడాలంటే రెండేళ్ల కింద వచ్చిన తలుపు సినిమా. ముసుగులు వేసుకుని ఇంటింటికీ క్యారల్స్ పాడుతూ తిరిగేవాళ్లు, తలుపు తీసినవాళ్లను చంపుతారు. రెండూ జోయెల్‌కు ఫోన్‌లో దొరుకుతాయి.

పట్టపగలు చూడండి. మధ్యలో ఆపకండి. సౌండు తగ్గించకండి.

ప్రేమల


నౌబాద్, బీదర్
6 అక్టోబర్ 2024

ప్రేమలకు వందనాలు.

నీ ఉత్తరంలో మొదటి భాగం గురించి ఇప్పుడేమీ రాయలేను. రెండో భాగం మేరకు తీసుకున్న చర్యలు ఇవి.

మొన్న మధ్యాహ్నం మీ అక్క మహిళా సమాజానికి పోయినప్పుడు కాపరుల సినిమా మొదలుపెట్టాను. సౌండు తీసేశాను. పగలే చూడమన్నావు కాబట్టి కిటికీలన్నీ తెరిచాను, ట్యూబ్‌లైటు కూడా వేశాను. పక్కన ఒక కాగితం పెట్టుకుని చావులు, రక్తం, బూతులు, దేవదూషణ అని నాలుగు గళ్లు గీశాను. ఇరవై రెండు నిమిషాలకు గళ్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. రక్తం గడిలో మాత్రం ఒక చుక్క పెట్టాను, ఆమె ఉల్లిగడ్డ కోస్తూ వేలు కోసుకుంది. ఇందులో భయపడవలసింది ఏముందో నాకు అర్థం కాలేదు. ఒక మట్టిబొమ్మ నిలబడి ఉంటుంది. ఇంకో పూట ఇంకోచోట నిలబడి ఉంటుంది.

అయితే ఇరవై మూడో నిమిషంలో ఆపేశాను. కారణం, ఆ బొమ్మ ముఖం ఇటు తిరుగుతుందేమోనని అనిపించింది. తిరగలేదు. అనిపించింది, అంతే. ఆ తర్వాత మా షోకేసులో ఉన్న మట్టి గొర్రెను గోడవైపు తిప్పి పెట్టాను. సాయంత్రం మీ అక్క దాన్ని మళ్లీ ఇటు తిప్పింది. నేను చూసుకోలేదు. నీళ్ల కోసం లేచి, అది నన్ను చూస్తుంటే గ్లాసు వదిలేశాను. ఆమె ఏమైందని అడిగితే బీపీ అని చెప్పాను. ఇప్పుడు నాకు ఉప్పు లేని కూర పెడుతున్నది.

రిపోర్టులో ఈ సినిమా గురించి "హానికరము కాదు" అని రాస్తే సరిపోతుందా? మిగతాది చూడకపోయినా ఫరవాలేదా?

భీమప్పకు అనుమానం వచ్చింది. ఉత్తరం ఇస్తూ, ఈ వయసులో ఇదేం పని సార్ అన్నట్టు చూశాడు.

జయానందం


జహీరాబాద్
17 అక్టోబర్ 2024

జయానందం గారికి,

హాస్టల్లో పరీక్ష రోజుల్లో పిల్లలు పుస్తకం అట్ట మాత్రమే చదివి వచ్చి పాఠం చెప్పేవాళ్లు. మీ రిపోర్టు అలాగే ఉంది. ఆ సినిమాలో భయమంతా చప్పుళ్లలో ఉంది. విధవరాలు వంటింట్లో ఉన్నప్పుడు ముందుగదిలో ఎవరో మట్టికాళ్లతో ఒక్క అడుగు వేసిన చప్పుడు వస్తుంది. ఒక్కటే. మీరు సౌండు తీసేసి ఉల్లిగడ్డలు లెక్కపెట్టారు.

పోల్చడం ఎలాగో అడిగారు కదా. పాత సినిమాలు తీసినవాళ్ల దగ్గర దయ్యాన్ని చూపించే తాహతు లేదు. అందుకని దాచారు. తలుపు, పరదా, మెట్లు, వీటి వెనక పెట్టారు. చూసేవాడు తన ఇంట్లోని భయాన్ని తెచ్చి ఆ ఖాళీలో నింపుకునేవాడు. కొత్తవాళ్లకు అన్నీ చూపించే శక్తి వచ్చింది, దాచే ఓపిక పోయింది. పది నిమిషాల్లో ఏడుగురు పోతారు. ఒక్కరి పేరు కూడా మనకు తెలిసి ఉండదు.

ఇంకొకటి. పాతవి పదిమంది ఒక గదిలో కూర్చుని చూడటానికి తీసినవి. ఒకడు ఉలిక్కిపడితే పక్కవాడు నవ్వుతాడు, నవ్వినవాడికి తర్వాత వంతు వస్తుంది. కొత్తవి చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక్కళ్లే చూసేవి. మా హాస్టల్లో ఇద్దరు పిల్లలు చెరొక వైరు పెట్టుకుని ఒక్క ఫోన్‌లో చూస్తూ దొరికారు. తిట్టడానికి పోయి మూడో దాన్నై కూర్చున్నాను. ముగ్గురం కలిసి చూస్తే ఆ కొత్త సినిమా కూడా బాగానే ఉంది. జోయెల్ చెప్పింది నిజమే, కమిటీకి చెప్పండి.

ఉప్పు లేని కూర సంగతి చదివి నవ్వాను. ఒప్పుకుంటున్నాను.

కానీ మొదటి భాగం గురించి రాయలేనన్నారు. మీరు ఇప్పటికైనా ఒకటి అడుగుతారేమోనని చూశాను. ఆ రోజుల్లో తీర్మానం రాశారు, సంతకాలు తీసుకున్నారు, చదివారు. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. ఏమి అడగాలో కూడా మీకు తెలియలేదా?

ప్రేమల


నౌబాద్, బీదర్
20 నవంబర్ 2024

ప్రేమలకు,

ఆలస్యానికి కారణం తలుపు సినిమా. మూడు విడతలుగా చూశాను. మొదటి విడత బాత్రూంలో. రెండో విడత మేడ మీద, ఎండలో. మూడో విడత భీమప్ప హోటల్లో, నలుగురి మధ్య. మొదట గళ్ల కాగితం తెచ్చుకున్నాను గానీ చావులు పద్దెనిమిది దాటాక గీతలు పెట్టడం మానేశాను. రక్తం గడికి ఇంకో కాగితం అతికించవలసి వచ్చింది.

ఆ మర్నాడు సాయంత్రం ఆరున్నరకు జరిగింది దాచకుండా రాస్తాను. మీ అక్క బజారుకు పోయింది. నేను టీ పెట్టుకుంటున్నాను. వాకిట్లో గిటారు, డోలక్. పదిహేను మంది గొంతులు. యూత్ వాళ్లు క్యారల్స్ ప్రాక్టీసు మా ఇంటి నుంచే మొదలుపెడదామనుకున్నారట, పెద్దవాణ్ణని గౌరవం. నేను గ్యాస్ ఆర్పాను, లైటు ఆర్పాను, లోపలి నుంచి తాళం వేశాను. డైనింగ్ టేబుల్ కింద కూర్చున్నాను. వాళ్లు మూడు పాటలు పాడారు. తలుపు తట్టారు. జోయెల్ నాకు ఫోన్ చేశాడు. టేబుల్ కింద నా ఫోన్ మోగింది. బయట అందరూ పాట ఆపి విన్నారు. అప్పుడు మీ అక్క కొత్తిమీర కట్టతో వచ్చి, తన తాళంచెవితో తలుపు తీసి లైటు వేసింది. పదిహేను మంది లోపలికి వచ్చి టేబుల్ చుట్టూ నిలబడ్డారు. పడిపోయిన బీపీ బిళ్ల వెతుకుతున్నానని చెప్పాను. అందరూ వంగి వెతికారు.

అయినా కొత్త సినిమా తరఫున ఒక మాట రాయాలి. న్యాయంగా రిపోర్టు రాయమన్నారు కదా. అందులో ఒక అమ్మాయి భయపడి అక్కకు ఫోన్ చేస్తే, అక్క ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మింది, కారు తీసుకుని బయలుదేరింది. పాత సినిమాలో, నేను చూసినంతవరకు, విధవరాలి మాట ఎవరూ నమ్మలేదు. ఈ ఒక్క విషయంలో కొత్తది మేలు.

జయానందం


జహీరాబాద్
27 నవంబర్ 2024

జయానందం గారికి,

నేను అడిగిన దానికి మీరు మళ్లీ జవాబు రాయలేదు. టేబుల్ కింద దాక్కోవడం మీకు ఇదేమీ మొదటిసారి కాదు.

ఇక ఒక్క సలహా ఇచ్చి ఊరుకుంటాను. కాపరుల సినిమా మొదటి నుంచి చివరిదాకా చూడండి. సౌండు పెట్టి చూడండి. ఒంటరిగా చూడకండి, అక్కను పక్కన కూర్చోబెట్టుకోండి. రహస్యం పోతుందని భయపడతారేమో, పోనివ్వండి.

ప్రేమల


నౌబాద్, బీదర్
3 డిసెంబర్ 2024

ప్రేమలా,

విషయం, సూచిక ఏమీ రాయడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం మీ అక్కను పిలిచి, కమిటీ పని ఉంది, ఒక సినిమా చూడాలి, పక్కన కూర్చో అన్నాను. ఏ సినిమా అని అడగలేదు. చిక్కుడుకాయల గంప తెచ్చుకుని కూర్చుంది. టీవీలో పెట్టాం. నేను దిండు పట్టుకున్నాను. నలభై నిమిషాల దగ్గర సంఘ పెద్ద ఒకాయన ఆ విధవరాలి ఇంటికి వచ్చాడు. గడప దగ్గర టోపీ తీశాడు. మెల్లగా, మర్యాదగా, ఇదంతా నీ మేలుకేనమ్మా అన్నాడు. ఆమె ఏం చూసిందో అడగలేదు. ముందుగది తలుపుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ సినిమాలో మట్టికాళ్ల చప్పుడుకన్నా నాకు ఆ తాళం చప్పుడు ఎక్కువ వినిపించింది. ఆయన టోపీ పట్టుకున్న తీరు, గొంతు సవరించుకున్న తీరు ఎక్కడో చూసినట్టుంది అనుకున్నాను. ఎక్కడో కాదు, అద్దంలో.

అప్పుడు మీ అక్క, చిక్కుడుకాయ ఈనె తీస్తూ, తల ఎత్తకుండానే అన్నది: "ఇప్పుడు కిటికీ దిక్కు జూడు. పరదా ఎన్క కాపరి ఉంటడు."

పరదా కదిలింది. కాపరి ఉన్నాడు.

నేను సినిమా ఆపి, "నీకెట్ల ఎరుక?" అని అడిగాను.

"మనింట్లనే జూసిన. ప్రేమల కాడికెల్లి నేనే తెచ్చుకున్న. నువ్వు మీటింగుల ఉంటివి. క్రిస్టోఫర్ కంబళి కొలత ఇయ్యనీకి అచ్చి, ఈడనే నా పక్కన కూసున్నడు. పొమ్మంటే పోలే."

అంటే నీ షాపులో కాదు. నా ఇంట్లో, నా టీవీలో.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె చెప్పబోయిందట. నువ్వు వద్దన్నావట. నేను తీర్మానం రాస్తున్న పూట మీరిద్దరూ మా వంటింట్లోనే ఉన్నారట. నాకు టీ కూడా ఇచ్చావట. అది నాకు గుర్తులేదు.

నువ్వు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఆ పిల్లవాడు క్యాసెట్ ఎక్కడ చూశాడని నేను నిన్ను అడగవలసింది. అడగలేదు. అడిగితే జవాబు నా ఇంటి గడప దగ్గరే దొరికేది. నేను తప్పు చేశాను, ప్రేమలా. ఈ మాట రాయడానికి ఇంత వయసు రావలసి వచ్చింది.

14వ తేదీ శనివారం కమిటీ కూర్చుంటుంది. నిన్ను క్షమిస్తూ పాత తీర్మానం రద్దు చేయించాలని ఉంది. నీకు సమ్మతమేనా?

జయానందం


జహీరాబాద్
9 డిసెంబర్ 2024

జయానందం గారికి,

సమ్మతం కాదు. నన్ను క్షమించడానికి నేనేం చేశాను? తప్పు చేయనిదాన్ని క్షమిస్తే ఆ తప్పు నా పేరు మీదే ఇంకోసారి రాసినట్టు. ఆఫీసులో అంతకాలం మాటలు తూచి రాసినవారు, ఈ తేడా మీకు నేను చెప్పాలా?

అక్కను ఎందుకు ఆపానో చెబుతాను. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. నేను కోపం వస్తే బస్సెక్కి పోగలను. అక్క మీ ఇంట్లో మీతో బతకాలి. కార్యదర్శి భార్యే క్యాసెట్ తెచ్చిందని తెలిస్తే మీరు ఆమె పేరు కూడా చదివేవారు. చదివేవారు కదా? మిమ్మల్ని నేను ఎరుగుదును. అందుకే టీ ఇచ్చి ఊరుకున్నాను.

ఇంకో నిజం కూడా రాస్తాను, మీ మీద భారం తగ్గుతుంది. షాపు మీవల్ల మూతపడలేదు. కేబుల్ వచ్చింది, ఎలాగూ మూసేదాన్ని. బీదర్ విడిచినందుకు కూడా బాధ లేదు, హాస్టల్ పిల్లలు నన్ను బాగా చూసుకున్నారు. నన్ను నొప్పించింది క్వయర్. ఆ క్రిస్మస్‌కు ఒక పాట నేనే రాగం కట్టాను, ఆరు వారాలు నేర్పాను. ఆ నాటిక కూలిపోయి అది ఎవరూ పాడలేదు.

మీ రహస్యం సంగతి. మీ మొదటి ఉత్తరం వచ్చిన పూటే అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను. అన్నీ వినిపించాను. షోకేసులో గొర్రెను ఆమె కావాలనే తిప్పింది. ఉప్పు లేని కూర కూడా కావాలనే.

ప్రేమల


నౌబాద్, బీదర్
16 డిసెంబర్ 2024

ప్రేమలకు,

ఆ గొర్రె సంగతి నేను మీ అక్కను అడిగాను. నవ్వి వంటింట్లోకి పోయింది. ఉప్పు మాత్రం తిరిగి వచ్చింది.

కమిటీ శనివారం సాయంత్రం కూర్చుంది. నేను రిపోర్టు చేతిలో పట్టుకుని, ఇది చదవడానికి ముందు ఒక తీర్మానం కావాలన్నాను. 1996 డిసెంబర్ 29న చదివిన తీర్మానం తప్పు, విచారణ లేకుండా చేసినది, ఆ తప్పు అప్పటి కార్యదర్శి జయానందానిది అని రాసుకుని పోయాను. ఒకాయన తప్పు అనే మాట బరువుగా ఉంది, పొరపాటు అని రాద్దామన్నారు. ఇంకొకాయన పొరపాటు కూడా ఎందుకు, అవగాహన లోపం అందామన్నారు. ముక్కాలు గంట ఈ మాటల మీదే గడిచింది. నేను ఆఫీసులో ఇలాంటి మాటలు ఎన్ని మార్చి రాశానో గుర్తొచ్చి తల దించుకున్నాను.

క్రిస్టోఫర్ ఇప్పుడు కమిటీ సభ్యుడు, నౌబాద్‌లోనే ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. ఎప్పుడూ మాట్లాడడు. లేచి నిలబడ్డాడు.

"నేను అబద్ధం చెప్పలే. క్యాసెట్ ఎవలదని అడిగిండ్రు, చెప్పిన. యాడ జూసినవని ఒక్కలు గూడ అడగలే. పన్నెండేండ్లోన్ని, నాకేం ఎరుక? ప్రేమలక్క ఊరు ఇడిసినంక అమ్మ చెప్పింది, నీ అసుంటోని నోటి మాటకే ఆమె పోయిందని. గప్పటిసంది నేను పాట పాడలే."

అయినా తప్పు అన్న మాట దగ్గర ఇద్దరు కదల్లేదు. అప్పుడు నేను రిపోర్టు మడిచి జేబులో పెట్టాను. తప్పు అని రాయకపోతే ఇది ఇవ్వను, ఆ రెండు సినిమాలు మీలో ఎవరైనా చూసి రాయండి అన్నాను. తలుపు సినిమా మొదటి పది నిమిషాలు ఎలా ఉంటాయో కొంచెం వర్ణించాను. తప్పు అని రాశారు. సంతకాలు అయ్యాయి.

రిపోర్టు సారాంశం: "పాత చిత్రంలో హింస లేదు, ఓపిక కావలెను. కొత్త చిత్రంలో హింస మితిమీరినది, అయితే ఆపదలో ఉన్న స్త్రీ మాటను నమ్మే మనుషులు కలరు. పాత చిత్రం చూపి, కొత్త చిత్రంలోని ఈ గుణమును యూత్ వారు పాటించవలెనని సిఫారసు." డిసెంబర్ 28 శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు హాలులో కాపరుల సినిమా వేస్తారు.

తీర్మానం 22న ఆరాధనలో నేనే చదువుతాను. రావడం, రాకపోవడం నీ ఇష్టం. వస్తే బస్టాండుకు వస్తాను.

జయానందం


జహీరాబాద్
3 జనవరి 2025

బావకు,

ఈ మాటతో ఉత్తరం మొదలుపెట్టడానికి రెండు కాగితాలు చించాను. ఇక 'మీరు' అనడం కూడా మానేస్తున్నాను.

22న రాలేదు. నా పేరు పల్పిట్ మీద నుంచి రెండోసారి వినే ధైర్యం చాలలేదు. అక్క ఫోన్ చేసి తన ఒళ్లో పెట్టుకుంది, ఇక్కడ మంచం మీద కూర్చుని విన్నాను. తప్పు అనే మాట దగ్గర నీ గొంతు ఆగింది. దగ్గావు. మళ్లీ మొదటి నుంచి చదివావు. రెండోసారి ఆగలేదు. అది చాలు నాకు.

28న నేను వచ్చిన సంగతి నీకు తెలుసు, బస్టాండులో నా సంచి లాక్కున్నావు. కానీ సినిమా మధ్యలో జనరేటర్ చూసి వస్తానని లేచి వెళ్లావు. కరెంటు పోనేలేదు, బావా. నువ్వు బయట ఉన్నంతసేపూ ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే రాస్తున్నాను.

మొదటి అరగంట పిల్లలు ఆవలించారు. జోయెల్ నా వైపు చూసి తల గోక్కున్నాడు. పెద్దాయన తాళం వేసే దగ్గరికి వచ్చేసరికి సద్దు అణిగింది. క్రిస్టోఫర్ వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పరదా కదలబోయే ముందు నా పక్కకు వచ్చి కూర్చుని, "అక్కా, ఇప్పుడే గదా" అని అడిగాడు. అవునన్నాను. కళ్లు మూసుకోలేదు. నలభై ఏళ్ల మనిషి, నా కొంగు పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు తనకే తెలియదు.

పరదా కదిలినప్పుడు హాలంతా ఒక్కసారి ఎగిరిపడింది. తర్వాత అందరూ నవ్వారు. నా షాపు రోజుల్లో విన్న నవ్వే అది.

చివర్లో నాలుగో కాపరి పశువుల తొట్టి దగ్గరికి వచ్చాడు, కొవ్వొత్తి ఆరిపోయింది, పసిపిల్ల ఏడుపు వినిపించింది, సినిమా అయిపోయింది. ఆ కాపరి ఎవరో చెప్పలేదని పిల్లలు గొడవ మొదలుపెట్టారు. సైతాను అని ఒకరు, చావు అని ఒకరు, విధవరాలి మొగుడని ఇంకొకరు. జోయెల్ బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు. నన్ను చెప్పమన్నారు. నేను ఆ సినిమా పదిహేనుసార్లు చూశాను, నాకూ తెలియదన్నాను.

చిమ్కోడ్ నుంచి అక్కకు కూరగాయలు తెచ్చే రాచమ్మ ఉంది కదా, అక్క ఆమెను కూడా పట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. ఆమెకు మాటలు అర్థం కావు, కింద అక్షరాలు చదవలేదు, బొమ్మలు చూసింది. అందరూ అరుస్తుంటే ఆమె చీర సర్దుకుని లేచి, నాతోనే అన్నది.

"పాపం, అన్ని దినాలు నిలవడ్డడు గదమ్మా. గంత చలిల. ఒక్కలన్న రా, కూసో అనకపోతిరి. చాయ్ తాగుతవా అనకపోతిరి. ఆ పోరడేం జేస్తడు, నడుసుకుంట అచ్చిండు."

జోయెల్ బోర్డు తుడిచేశాడు.

ఆ తర్వాత క్రిస్టోఫర్ నా దగ్గర నా పాత పాట పల్లవి అడిగి రాసుకున్నాడు. నాకు రెండో చరణం గుర్తు రాలేదు. అక్కకు గుర్తుంది. ఇద్దరం హాలు మెట్ల మీద కూర్చుని అతనికి నేర్పుతుంటే నువ్వు జనరేటర్ దగ్గర నుంచి వచ్చి, సినిమా అయిపోయిందా అని అడిగావు.

నీ
ప్రేమల